ఒకనాటి ప్రయాణము

దేశాటనము విద్యలో నొక భాగమని పెద్దలు చెప్పుదురు. ఆ మాట నిజమే. కాని బండి యెక్కి పది యూళ్లు చుట్టి, అలసి, నిద్రమత్తుతో నిల్లు చేరినంతమాత్రమున అది విద్య కానేరదు. ఏమి చూడవలెనో, ఎంతసేపు చూడవలెనో, దేనిని విడిచిపెట్టవలెనో ముందుగా ఆలోచించుకొని బయలుదేరినవానికే త్రోవ పాఠము చెప్పును. ఈ మూడింటిలో మొదటి రెండును సులభములు. మూడవది కష్టము. విడిచిపెట్టుట నేర్చినవాడే ప్రయాణము చేయ నేర్చినవాడు.

ప్రయాణమనగానే మన మనస్సు దూరమునకు పరుగెత్తును. ఊదకమండలము, కూనూరు వంటి కొండ పట్టణములు కన్నులకు కట్టును. అవి చూడదగినవే. అయినను ఇంటిచుట్టును గల గుట్టలను, ఏళ్లను, కాలువలను చూడనివాడు అచ్చటికి పోయి చూచునది కొంచెమే. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ అను మూడు పట్టణములను తీసికొందము. మూడును ఒకప్పుడు నల్లగొండ జిల్లాలోనివే. 2016 అక్టోబరు 11వ తేదీన సూర్యాపేట జిల్లా ఏర్పడగా సూర్యాపేటయు కోదాడయు అందులో చేరినవి. మిర్యాలగూడ నల్లగొండ జిల్లాలోనే నిలిచినది. పటముమీద ఈ మూడింటిని గీతలతో కలిపినచో నొక ముక్కోణ మేర్పడును. పై కొనయందు సూర్యాపేట, తూర్పు కొనయందు కోదాడ, దక్షిణపు కొనయందు మిర్యాలగూడ. ఇవి కొండ పట్టణములు కావు. కాని ఈ ముక్కోణమునందును దాని యంచులయందును గుట్టలు, కోటలు, గుళ్లు, ఒక గొప్ప కాలువ, రెండు నదులు కలవు.

సూర్యాపేటలోని యొక పాఠశాలయందు ఎనిమిదవ తరగతివారు నలువదిమంది ఒకనాటి ప్రయాణమునకు పోదలచిరని యనుకొందము. ఉపాధ్యాయుడు సుద్దముక్క చేతబట్టి, "ఎవరికేది చూడవలెనని యున్నదో చెప్పుడు" అనెను. క్షణములో నల్లబల్ల నిండిపోయినది. నాగార్జునసాగరము, ఎత్తిపోతల, మట్టపల్లి, మేళ్లచెఱువు, ఉండ్రుగొండ, పిల్లలమర్రి, వాడపల్లి. ఫణిగిరి బౌద్ధక్షేత్రమున 2024లో ఒక మట్టికుండయందు 3,730 సీసపు నాణెములు దొరకినవని పత్రికలో చదివిన యొక బాలుడు ఆ పేరును చేర్చెను. మొత్తము ఎనిమిది.

"వీనిలో చూడదగనిది ఒక్కటియు లేదు. కాని మనకున్న పగలు ఒక్కటే. ముందు లెక్క వేయుదము" అని ఉపాధ్యాయుడు పలికెను.

లెక్క యిట్లున్నది. సూర్యాపేటనుండి కోదాడకు సుమారు 45 కిలోమీటర్లు. కోదాడనుండి హుజూర్‌నగరమునకు సుమారు 20. అచ్చటనుండి నేరేడుచర్లమీదుగా మిర్యాలగూడకు సుమారు 40. మిర్యాలగూడనుండి తిరిగి సూర్యాపేటకు సుమారు 45. ముక్కోణము ఒక చుట్టు తిరుగుటకే 150 కిలోమీటర్లగును. హుజూర్‌నగరమునుండి కృష్ణయొడ్డునగల మట్టపల్లికి పోయివచ్చిన మఱి నలువది. మిర్యాలగూడనుండి వాడపల్లికి పోయివచ్చిన ఏబది. అచ్చటినుండియే సాగరమునకు పోయివచ్చిన దాదాపు నూఱు.

"అయ్యా! జాతీయ రహదారిమీద బండ్లు గంటకు ఎనుబది కిలోమీటర్లు పోవును గదా! నాలుగు గంటలలో అన్నియు చుట్టి రావచ్చును" అని ఒకడు ధైర్యముగా పలికెను.

ఇదియే చాలమంది చేయు పొరపాటు. త్రోవ పొడవును కిలోమీటర్లు చెప్పును గాని, దానికి పట్టు కాలమును చెప్పవు. నీలగిరులలో మేట్టుపాళయమునుండి ఊదకమండలమునకు పోవు కొండ రైలుమార్గము 46 కిలోమీటర్లు మాత్రమే. కాని యెక్కునపుడు ఆ రైలునకు నాలుగైదు గంటలు పట్టును. ఆ దూరమే మన రహదారిమీద ఒక గంట పని. కొండలలో మలుపులును ఏటవాలును కాలమును హరించును. మనవైపు సంతలు, వడ్లబండ్లు, గొఱ్ఱెలమందలు, ఊరి నడుమ వేగనిరోధకములు ఆ పనియే చేయును. కావున ఎంత మంచి త్రోవయైనను బాలురతో కూడిన బండికి గంటకు నలువది కిలోమీటర్లకు మించి లెక్కింపరాదు. ఆ లెక్కన బల్లమీది ఎనిమిది స్థలములను చూడవలెనన్న అర్ధరాత్రి దాటియు ఇల్లు చేరుట యుండదు. చీకటిలో అలసిన డ్రైవరు, నిద్రలో తూలు నలువదిమంది పిల్లలు, ఎదుట కన్నులు మిఱుమిట్లుగొలుపు లారీల వెలుగు. ఇట్టి ప్రయాణమునందు పోగొట్టుకొనునది సంతోషము మాత్రమే కాకపోవచ్చును.

అందఱును మౌనము వహించిరి. అప్పుడొక బాలిక లేచి, "అయ్యా! మా అమ్మమ్మగారి యూరు హుజూర్‌నగరము దగ్గఱ. అక్కడి పొలములకు కాలువనీరు వచ్చును. ఆ నీరు ఎచ్చటినుండి వచ్చి యెచ్చటికి పోవును?" అని యడిగెను.

ఉపాధ్యాయుని ముఖము వికసించెను. "ఇప్పుడు మనకు ప్రయాణము దొరకినది. ఈ ప్రశ్నకు జవాబు చెప్పు స్థలములను ఉంచుకొందము. తక్కినవానిని మఱియొక నాటికి విడుతము" అనెను. ఎనిమిది పేర్లలో దేనిని కొట్టివేయవలెనో తెలియక కలతచెందిన తరగతికి ఆ ప్రశ్న త్రాసువలె ఉపయోగపడినది.

ఫణిగిరి సూర్యాపేటకు వాయవ్యమున దూరముగా ఉన్నది. మన ముక్కోణమునకు వెలుపలిది. కావున అది ముందుగా తొలగినది. మేళ్లచెఱువు శంభులింగేశ్వరుని గుడికి ప్రసిద్ధము. కాని మన ప్రశ్నకు దగ్గఱిది కాదు. మట్టపల్లి పేరు కొట్టివేయునపుడు ఒక బాలుడు కన్నీరు పెట్టుకొనెను. నరసింహస్వామి హుండీలో వేయుమని వాని నాయనమ్మ ముడుపు కట్టి యిచ్చినదట. ఉపాధ్యాయుడు వాని భుజముమీద చేయి వేసి, "నాయనా! ముడుపు చెల్లించుటకు నాయనమ్మను వెంటబెట్టుకొని పోవలెను. ఆమె చూడవలసిన స్వామిని ఆమెలేకుండ నీవు చూచి వచ్చెదవా?" అనెను. బాలుడు తల యూపెను. ముడుపు భద్రముగా మరల ఇల్లు చేరినది.

అన్నింటికంటె కఠినమైన నిర్ణయము సాగరమును గూర్చినది. కాలువ పుట్టినది అచ్చటనే గదా! 1955 డిసెంబరు 10వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ ఆ యానకట్టకు పునాదిరాయి వేసెను. 1967 ఆగస్టు 4వ తేదీన ఇందిరాగాంధి కాలువలకు నీరు విడిచెను. కుడికాలువకు జవహరు పేరును, ఎడమకాలువకు లాల్‌బహదూరు పేరును పెట్టిరి. ఆ యెడమకాలువయే నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మము జిల్లాల పొలములను తడిపి ముందుకు సాగును. జలాశయము నిండినప్పుడు ఇక్ష్వాకుల రాజధానియైన విజయపురి నీట మునుగునని తెలిసి, 1954 మొదలు 1960 వఱకు అచ్చట త్రవ్వకములు జరిపి, దొరకిన శిల్పములను నాగార్జునకొండమీద భద్రపఱచిరి. ఆ కొండ నేడు నీటినడుమ నొక దీవి. దానిని చేరుటకు పడవ ఎక్కవలెను. పడవ కొఱకు వేచియుండవలెను. ఆనకట్ట, దీవి, ఎత్తిపోతల కలిసి ఒక పూర్తి దినమును కోరును. గంటలో చూచి వచ్చుట ఆ స్థలమునకు అవమానము. కావున సాగరము వేసవికి ముందు జరుగు మఱియొక ప్రయాణమునకు నిలువబడినది. ఈ దినము కాలువను చూతము. దాని పుట్టుచోటును ఇంకొక దినమున చూతమని తరగతి యొప్పుకొనెను.

ఇక మిగిలినవి ఉండ్రుగొండ, త్రోవలోని కాలువ, మిర్యాలగూడ, వాడపల్లి. పిల్లలమర్రి పేరును ఉపాధ్యాయుడు చెఱపలేదు. చివర వ్రాసి దానిచుట్టును ఒక సున్న చుట్టెను. దాని కారణమును పిమ్మట చెప్పెదను.

తరువాత కాలనిర్ణయము. వర్షఋతువు తగదని యందఱికిని తెలియును. 2024 ఆగస్టు చివరను సెప్టెంబరు మొదటను కురిసిన కుంభవృష్టికి కోదాడ ప్రాంతము నీట మునిగినది. నడిగూడెము మండలములో సాగరు ఎడమకాలువకు గండి పడినది. వేసవి మిక్కిలి వేడి; కాలువయు ఎండియుండును. మాఘమాసమున దురాజ్‌పల్లి పెద్దగట్టుమీద లింగమంతులస్వామి జాతర రెండేండ్ల కొకసారి జరుగును. ఆ దినములలో భక్తుల రద్దీవలన రహదారిమీది వాహనములను వేఱు త్రోవలకు మరలింతురు. జాతర చూడదలచినవానికి అదియే తగిన కాలము. జాతరను తెలియక బయలుదేరినవానికి అదియే ఆటంకము. అన్నియు విచారించి మార్గశిరమాసమున ఒక దినము నిర్ణయించిరి. అప్పుడు వరి పండి బంగారు రంగు దాల్చియుండును. ఎండ మెత్తగా నుండును. పొగమంచు మాత్రము తెల్లవారుజామున రహదారిని కప్పును. అందుచేత చీకటితో గాక, తెల్లగా తెల్లవారిన పిదప ఆఱున్నరకు బయలుదేరవలెనని నియమము చేసికొనిరి.

ఇప్పుడు దినపు లెక్క చూడుడు. ముక్కోణము 150, వాడపల్లికి ఏబది. మొత్తము 200 కిలోమీటర్లు. గంటకు నలువది చొప్పున ఐదు గంటలు. ఉండ్రుగొండయొద్ద గంటన్నర, కాలువయొద్ద పావుగంట, కోదాడలో అరగంట, మిర్యాలగూడలో ముప్పావుగంట, వాడపల్లిలో గంటన్నర. మొత్తము నాలుగున్నర గంటలు. రెండును కలిసి తొమ్మిదిన్నర. ఉదయము ఆఱున్నరకు బయలుదేరినచో సాయంకాలము నాలుగింటికి తిరిగి రావలెను. కాని చక్రము పగులవచ్చును, ఎవరికైన కడుపునొప్పి రావచ్చును, రైలుగేటు మూయబడియుండవచ్చును. వీనికై ఒక గంటను ఎవ్వరికిని ఈయక దాచియుంచిరి. అప్పటికి ఐదగును. ఆ మాసమున సూర్యాస్తమయము ఐదుగంటల నలువది నిమిషముల ప్రాంతమున అగును. కావున ఎట్లు చూచినను వెలుతురుండగనే ఇల్లు చేరవచ్చును. దాచిన గంట ఖర్చు కాకున్నచో అప్పుడు పిల్లలమర్రి చూడవచ్చును. అది సూర్యాపేటకు కూతవేటు దూరమున ఉన్నది. విడిచినను నష్టము లేనిదానిని చివర నుంచుట ప్రయాణమునందు గొప్ప సూత్రము. ఆనాడు కాకున్న మఱునాడు సైకిలుమీద పోయి చూడవచ్చును గదా!

ఖర్చు విషయమున ఉపాధ్యాయుడు ఎక్కువ శ్రద్ధ వహించెను. బండి బాడుగను నలువదిచే భాగించిన ఒక్కొక్కరి వంతు వచ్చును. కాని ఆ వంతును ఈయలేని యిండ్లు తరగతిలో నుండును. లేదని చెప్పుకొనుటకు సిగ్గుపడి "నాకు జ్వరముగా నున్నది" అని నిలిచిపోవు పిల్లలుందురు. అందుచేత మూతకు చీలికగల ఒక డబ్బాను తెప్పించి, వారము దినములలో ఎవరికి తోచినది వారు మడిచిన కాగితములో నుంచి వేయవలెనని చెప్పెను. ఎవ రెంత వేసినదియు ఎవ్వరికిని తెలియదు. తక్కువైన సొమ్ము ఊరి పెద్దలు పూరించిరి. భోజనము హోటలులో వద్దనియు, ఎవరి సద్దిమూట వారు తెచ్చుకొని అందఱును కలిసి తినవలెననియు నిశ్చయించిరి. పులిహోర తెచ్చినవాడు జొన్నరొట్టె రుచి చూచును. జొన్నరొట్టె తెచ్చినవాడు పులిహోర తినును. నలువదిమందిలో ఒక్కడు డబ్బు లేక ఇంట నిలిచినను అది తరగతి ప్రయాణము కానేరదు.

ఇక త్రోవను మనస్సులో నడతము. కొండ యెక్కుట ప్రొద్దున పని. అందుచే ఉండ్రుగొండ మొదటిది. ఇది చివ్వెంల మండలములో రహదారికి సమీపమున ఉన్నది. గుట్టలమీద పాతకోట గోడలును లక్ష్మీనరసింహస్వామి గుడియు కలవు. పైనుండి చూచినచో దిగువ నేల పటమువలె కనబడును. ఎచ్చట చెఱువు ఉన్నదో, ఎచ్చట మెట్టచేను ఉన్నదో, రహదారి ఎటు పోవుచున్నదో గుర్తించి పుస్తకములో గీసికొనవలెను. కోట కట్టినవారు ఈ స్థలమునే యేల యెన్నుకొనిరో పైకెక్కినవానికి ఎవ్వరును చెప్పనక్కరలేదు.

అచ్చటినుండి కోదాడకు పోవుచు మునగాలను దాటుదుము. ఇచ్చట బండి నిలుపనక్కరలేదు. కాని తెలుగు చదువుకొన్న వారు ఈ పేరు వినగానే ఒకసారి కిటికీనుండి చూడవలెను. మునగాల సంస్థానమునకు రాజు నాయని వేంకటరంగారావు; దివాను కొమఱ్ఱాజు లక్ష్మణరావు. హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలయుటకును, 1906లో విజ్ఞానచంద్రికా మండలి స్థాపింపబడుటకును వీరి కృషి కారణము. శాస్త్రమును చరిత్రను తెలుగులో చదువవలెనన్న కోరికకు ఈ చిన్న ఊరితో సంబంధము కలదు. కొన్ని స్థలములను చూచుటకు కాలు దిగనక్కరలేదు, తెలిసియుండిన చాలును.

సూర్యాపేటకును కోదాడకును నడుమ రహదారి సాగరు ఎడమకాలువను దాటును. అదియే మన ప్రశ్నకు మొదటి జవాబు. రహదారిమీద బండి నిలుపరాదు. ప్రక్కకు తీసి సురక్షితమైన చోట నిలిపి, గట్టునకు దూరముగా నుండియే చూడవలెను. కాలువనీరు నెమ్మదిగా పాఱుచున్నట్లు కనబడును. కాని లోతును వేగమును మోసకరములు. వాలుగా కట్టిన గట్టు నాచుపట్టి జాఱును. ఈతగాడైనను పైకి రాలేక మునిగిన సందర్భములు కలవు. కాళ్లు కడుగుకొనుటకైనను ఎవ్వడును దిగరాదని ఉపాధ్యాయుడు శాసించెను. ఈ యొక్క నియమమునకు క్షమ లేదు.

కోదాడలో ఫలహారము చేసి, హుజూర్‌నగరము, నేరేడుచర్ల మీదుగా పోవునపుడు ఇరువైపుల వరిచేలు, కొయ్యకాళ్ల మళ్లు, కుప్పపోసిన వడ్లు కనబడును. కాలువ రాకపూర్వము ఈ సీమలో ఎక్కువగా జొన్నలును ఆముదములును పండెడివి. నీరు వచ్చి పంటను మార్చినది. పంట పట్టణమును మార్చినది. మిర్యాలగూడను చేరగానే దీనికి సాక్ష్యము కనబడును. ఇచ్చటి బియ్యపు మిల్లులు పేరుపొందినవి. ముందుగా అనుమతి పొంది ఒక మిల్లును చూడవలెను. వడ్లనుండి ఊక వేఱగుట, తవుడు వేఱగుట, తెల్లని బియ్యము సంచిలో రాలుట కన్నులార చూచిన పిల్లవాడు పళ్లెములో మెతుకు విడువడు.

నేరేడుచర్లకును మిర్యాలగూడకును నడుమ మూసీని దాటుదుము. తిరిగి సూర్యాపేటకు పోవునపుడు దానినే మరల దాటుదుము. ఈ నది వికారాబాదు దగ్గఱి అనంతగిరి గుట్టలలో పుట్టి, హైదరాబాదు నగరము నడుమగా పాఱి, సుమారు 240 కిలోమీటర్లు నడచి వాడపల్లియొద్ద కృష్ణలో కలియును. 1908 సెప్టెంబరులో హైదరాబాదును ముంచిన వరద ఈ నదిదే. నేడది నగరపు మురుగును గూడ మోసికొని వచ్చుచున్నది. వాడపల్లిలో సంగమము ఎదుట నిలిచి రెండు నీళ్లను చూచువారికి ఎక్కడివారో పాఱవేసినది ఎక్కడివారి యొడ్డునకు చేరునో తెలియును. అచ్చట అగస్త్యేశ్వరుని గుడియు, లక్ష్మీనరసింహస్వామి గుడియు కలవు. స్వామి సన్నిధిని ఒక దీపము కదలుచు, ఒకటి నిశ్చలముగా వెలుగునని భక్తుల విశ్వాసము. గుడి చూచి, చెట్టునీడను సద్దిమూటలు విప్పి భుజింపవలెను. ఎగువ జలాశయము గేట్లు తెఱచినపుడు కృష్ణ హఠాత్తుగా పెరుగును. కావున నీటిలోనికి పోరాదు.

ఇచ్చట బాలిక ప్రశ్నకు తక్కిన జవాబు దొరకును. కృష్ణనీరు సాగరమున నిలిచి, కాలువయై చేలకు వచ్చి, కొంత గింజలో చేరి, కొంత నేలలో నింకి, మిగిలినది వాగులగుండ మరల నదినే చేరును. పుస్తకములో ఒక్క వాక్యమైన ఈ సత్యము త్రోవమీద రెండువందల కిలోమీటర్ల పొడవున కనబడును.

తిరిగివచ్చునప్పటికి వెలుతురు మిగిలియున్నచో పిల్లలమర్రి. కాకతీయ గణపతిదేవుని కాలమున రేచర్ల రెడ్డి ప్రభువులు కట్టించిన ఎఱకేశ్వర, నామేశ్వరాలయములు అచ్చట కలవు. సాయంకాలపు ఎండలో ఆ నల్లరాతి స్తంభములు అద్దమువలె మెఱయును. పక్కనే యుండుటచేత సూర్యాపేటవారిలో ఎందఱో రేపు చూతమని చూడక నిలిచినదియు ఇదియే.

విద్యార్థులారా! ఎనిమిది స్థలములు కోరిన తరగతి నాలుగింటిని చూడ నిశ్చయించినది. తక్కినవి పోలేదు, అవి వచ్చు ప్రయాణములకు మూలధనము. ఒక ప్రశ్నను వెంట తీసికొనుడు. ఒక గంటను దాచియుంచుడు. ఒక్కనినైనను వెనుక విడువకుడు. ప్రొద్దుండగా ఇల్లు చేరుడు. మీ యూరు ఏదైనను దాని చుట్టును ఇట్టి ముక్కోణము ఒకటి తప్పక యుండును. పటము తీసి మీరే గీయుడు.

ప్రశ్నలు

1. "కిలోమీటర్లు కాలమును చెప్పవు" అనుటను ఉదాహరణములతో వివరింపుము.
2. సాగరమును ఈ ప్రయాణమునుండి తొలగించుటకు గల కారణములేవి? ఆ నిర్ణయము సరియైనదని నీవు తలంతువా?
3. పిల్లలమర్రిని చివర నుంచుటలోని సూత్రమేది?
4. ఖర్చు విషయమున ఉపాధ్యాయుడు చేసిన యేర్పాటునందలి ఔచిత్యమును తెలుపుము.
5. మీ యూరినుండి ఒక దినమున పోయి రాదగిన ప్రయాణమునకు దూరములు, కాలము, ఒక ప్రశ్న పేర్కొనుచు ప్రణాళిక వ్రాయుము.